మట్టిని పైకి విసిరేవాళ్ళు

నీరు పల్లమెరుగు.
ఉసంబర కొండల్లో మట్టి కూడా ఎరుగు.
మొన్నటి మసికా వానల్లో రాత్రికి రాత్రే
మా మొక్కజొన్న, మా చిక్కుడు పాదులు,
పక్కింటి మరుగుదొడ్డి తలుపు
తెల్లారేసరికి కిందూరి పొలంలో తేలాయి.
వాళ్ళు మంచివాళ్ళు, తలుపు తిరిగిచ్చారు.
మట్టిని ఎవరు తిరిగిస్తారు?

అందుకని తవ్వుతున్నాం.
వాలుకి అడ్డంగా, మోకాటి లోతు కాలువ.
తవ్విన మట్టిని కిందికి కాదు, పైకి విసరాలి.
కిందికైతే చెయ్యి చాలు.
పైకి విసరాలంటే నడుము కావాలి,
కాస్త మొండితనం కావాలి,
కంట్లో పడ్డ దుమ్ము ఊదడానికి
పక్కన ఇంకొకరు కావాలి.

లెక్కలు రాసేది నేను, మ్వానహవా.
గళ్ళ పుస్తకంలో
నాటినవి, బతికినవి, ఎండినవి.
నాలుగో గడి, మేకలు తిన్నవి.
ఆ గడి దాదాపుగా ఒక్కరి పేరుమీదే ఉంది.

షెంహిలు తాత గుమ్మంలోనే కూర్చుని చెప్పాడు,
నన్ను లోపలికి రమ్మనకుండా:
"మా నాన్నని కూడా ఇదే కాలువ తవ్వమన్నారు.
గీత గీసిన దొర గుర్రం మీద ఉన్నాడు.
తవ్వనన్నందుకు లుషోతో జైల్లో పెట్టారు.
దగ్గు తెచ్చుకున్నాడు అక్కణ్ణుంచి,
ఆ దగ్గుతోనే పోయాడు.
ఇప్పుడు మీరొచ్చారు.
కాలువ అదే. గుర్రం లేదంతే."

జవాబు కోసం పుస్తకం తిరగేశాను.
ఏ గడిలోనూ లేదు.

గీత గీసేది కిహియో, పద్నాలుగేళ్ళ కుర్రాడు.
మూడు కర్రలు కట్టిన చట్రం, నడుమ ఒక దారం,
దారం చివర వాగులో ఏరిన గులకరాయి.
రాయి నడిమి గుర్తు దగ్గర నిలిస్తే
రెండు కాళ్ళూ ఒకే ఎత్తున ఉన్నట్టు.
తాత పొలం అంచునే ఆ రోజు కొలత.
రాయి ఊగింది, ఊగింది, ఆగింది.
ముసలాయన చాలాసేపు చూశాడు.
"ఇది ఎవరి మాటా వినదు కదా" అన్నాడు.
"వినదు" అన్నాడు కిహియో,
"నేను చెప్పినా వినదు."

ఆ బుధవారం తాత రాలేదు.
ఆ పై బుధవారం కూడా.
మూడో వారం వచ్చాడు,
అరిగి అరిగి అరచేతంతైన తండ్రి పారతో.
అందరికీ దూరంగా, ఆ చివర,
విసిరిన మట్టి సగం తన నెత్తినే పడుతుంటే
తవ్వుతూ ఉండిపోయాడు.
ఎవరం ఏమీ అనలేదు.
జైనబు అతని గంజిలో మాత్రం
ఇంకో చెంచా చక్కెర వేసింది.
అది నేను లెక్కలో రాయలేదు.

ఇప్పుడు గట్ల మీద ఏనుగు గడ్డి
కోసిన కొద్దీ లేస్తోంది, ఆవులు కొట్టంలోనే మేస్తున్నాయి.
పైన, అడవి తెగిన చోట,
కర్పూరం మొక్కలు నా భుజాల దాకా వచ్చాయి.
వాటి నీడకి ఏలకులు పెడదామని ఆడవాళ్ళు,
తొందరేమిటని మగవాళ్ళు;
ఆ పోట్లాట ఇంకా తేలలేదు.
ప్రతి జనవరికీ చచ్చిపోయే ఊట
ఈసారి చావలేదు.
గులకరాయి కట్టిన దారమంత సన్నగానే,
అయినా తెగలేదు.
బిందె నిండేలోపు ఊరి సంగతులన్నీ అయిపోతాయి.

మేకలు మాత్రం వస్తూనే ఉన్నాయి.
మనిషి మారినంత తొందరగా మేక మారదు.

నిన్న పై గట్టు మీద, ఎవరూ నాటని చోట,
రెండే రెండు ఆకుల కర్పూరం మొక్క.
ఏ కొమ్ముముక్కు పిట్ట జారవిడిచిన గింజో.
పుస్తకం తెరిచాను.
నాటినవాటిలో రాస్తే అబద్ధం.
రాయకుండా వదిలేస్తే
అంతకంటే పెద్ద అబద్ధం.
పెన్ను పట్టుకుని నేనలా నిలబడి ఉంటే
షెంహిలు తాత ముళ్ళకంప ఈడ్చుకొచ్చి
దాని చుట్టూ గుచ్చుతూ,
తల ఎత్తకుండానే అన్నాడు:
"ముందు నా మేకలకి కనపడకుండా దాచనీ.
తర్వాత రాసుకుందువు గాని."